కూనిరాగం తీసే ఓడ

పొద్దున్నే టమాటాలు ఏరుతున్న జ్ఞానమణి చేతికి క్రేట్ల మధ్య ఏదో తగిలింది. తీసి చూస్తే కోడలు కృపారాణి పాత ఫోను. తెర మీద ఎర్ర చుక్క వెలుగుతోంది, దాని కింద అంకెలు పరుగెడుతున్నాయి. చదువు పెద్దగా లేకపోయినా అదేమిటో ఆమెకు తెలుసు. చర్చిలో పిల్లలు ప్రసంగం రికార్డు చేసేది అట్లాగే.

కిక్కురుమనకుండా ఫోను ఉన్నచోటే పెట్టేసింది. కాయలు ఏరుతూ కూనిరాగం తీయడం ఆమెకు ఏనాటినుంచో అలవాటు. ఆ పూట పెదవి కదపలేదు.

"కోడలు నా మాటలు ఫోన్లో పట్టుకుంటాండాది గిడ్డీ" అంది వాకిట్లో పక్కింటి గిడ్డమ్మతో.

గిడ్డమ్మకు ఇంతకన్నా ఏం కావాలి? చీపురు పారేసి మరీ దగ్గరకొచ్చింది. "ఇంకేముండాదక్కా! మా చెల్లెలి కోడలు గూడా ఇట్లే అత్త తిట్లన్నీ పట్టి పెద్దమనుషుల ముందర ఇనిపిచ్చింది. మొగున్ని ఎంటబెట్టుకొని వేరు పోయింది. నోరు జాగ్రత్త!"

జ్ఞానమణికి మొగుడు దావీదురాజు పోయాక మిగిలింది కొడుకు అరుణ్ కుమార్ ఒక్కడే. కడప నుంచి ఈ పిల్లను ఏరికోరి తెచ్చుకున్నది తనే, చర్చిలో కీబోర్డు వాయిస్తుందని మురిసిపోయి. ఇప్పుడు ఆ పిల్లే కొడుకును తీసుకుని పోతే తనకు దిక్కెవరు?

అనుమానం పుట్టాక కంటికి కనబడేదంతా సాక్ష్యమే కదా. కొడుకు పత్తికొండ మార్కెట్టు నుంచి ఆలస్యంగా వస్తే బాడుగ ఇల్లు వెతుకుతున్నాడన్నమాట. మొగుడూ పెళ్లాం చెవుల్లో వైర్లు పెట్టుకుని గుసగుసలాడితే అది తన గురించే. ఒక మధ్యాహ్నం తలుపు అవతలి నుంచి కోడలి మాట స్పష్టంగా వినబడింది. "అత్త గొంతు ఇంకొక్కసారి దొరికితే చాలు, మన పని అయిపోతాది."

అంతే, జ్ఞానమణి నోటికి తాళం వేసుకుంది. "అన్నం పెట్టల్లా అత్తా?" అంటే తల ఊపుడే. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం మిగల్లేదు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఎవరిమీదనైనా కోపం పెట్టుకుని రొట్టె ముట్టకూడదని ఆ సంఘంలో గట్టి పట్టింపు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ జ్ఞానమణే. ఆ రోజు ఎత్తుకోలేదు సరికదా, రొట్టె పళ్లెం తన దాకా వస్తే పక్కకు జరిపేసింది. చూడనివాళ్లెవరు? ఇక పాస్టరు ఏసన్న సాయంత్రం ఇంటికి రాక తప్పుతుందా!

"ఎవరిమీదమ్మా కోపం?" అన్నాడు, మంచం మీద కూర్చుంటూనే.

"నన్నడుగుతారేంది అయ్యగారూ? ఈ పాపను అడగండి! నా మాటలన్నీ దొంగతనంగా ఫోన్లో పట్టింది. అత్త గయ్యాళిదని రుజువు చేసి నా కొడుకును తీసుకొని పోవల్లని! ఇనిపిచ్చమనండి, నేనేమన్నానో నేనూ ఇంటా!" అంటూ జ్ఞానమణి కోడలి వైపు తిరిగింది. "పోవల్లనుకుంటే నా మొగం మీద చెప్పి పోరాదా?"

కృపారాణి చప్పున ముందుకొచ్చింది. "అయ్యో దేవా! నువ్వు అనుకునేది అదా అత్తా?"

అరుణ్ కుమార్ స్పీకరు తెచ్చి ఫోనుకు తగిలించాడు.

ముందు గాలి చప్పుడు వినబడింది. చేన్లో ఎండిపోయిన బోరు గొట్టంలో రోజూ మూలిగే గాలే, కానీ పాతాళంలోంచి వస్తున్నట్టుంది. దాని మీద కీబోర్డు మెల్లగా పరుచుకుంది. ఎంతోసేపటికి గిటారూ డ్రమ్మూ వచ్చి కలిశాయి. ఒక దరువు పట్టుబడిందనుకునేలోపు అది ఇంకో దరువులోకి జారిపోతోంది. ఆమెన్ అనాలో వద్దో తెలియక ఏసన్న కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏందిరా ఇది?" అంది జ్ఞానమణి.

"మేము చేస్తాండే ఆల్బమ్ మా. రాక్ సంగీతమే, గంతులేసేది కాదు, కండ్లు మూసుకోని ఇనేది. పాటలన్నీ కలిపి ఒక కథ. ఎప్పుడో రాబోయే కాలంలో భూమ్మీద నీళ్లు అయిపోతాయి. జనమంతా ఒక ఓడెక్కి నక్షత్రాల నడమ ఇంకో లోకానికి పోతాంటారు. శానా తరాల దూరం. అందరూ నిద్రలో ఉంటే ఓడొక్కటే మేలుకోని, వాళ్లు బెదరకుండా కూనిరాగం తీస్తాంటాది."

అప్పుడే గిటారు వెనక్కి తగ్గింది. ఒక ముసలి గొంతు. మాటల్లేవు. మధ్యలో చిన్న దగ్గు, క్రేటులో కాయ పడిన చప్పుడు. జ్ఞానమణి స్పీకరు దగ్గరకు వంగింది. ఈ రాగంతోనే కదా వీణ్ణి ఒళ్లో జోకొట్టింది!

"ఆ ఓడవు నువ్వే అత్తా" అంది కృపారాణి. "చెప్తే గొంతు సవరించుకోని చర్చిలో మాదిరి ఎత్తుకుంటావని ఫోను దాచినా. అడక్కుండా తీసుకునేది తప్పే. క్షమించు."

సంగీతం ఉన్నట్టుండి తెగిపోయింది.

"అయిపోయిందా?" అంది జ్ఞానమణి.

"ఆఖరి పాట మిగిలిపోయింది. ఓడ దిగల్ల, జనం మేలుకోవల్ల. అంతలోకే నువ్వు రాగం తీసేది మానేస్తివి. దినామూ ఫోను పెట్టినా. క్రేట్లు జరిపే చప్పుడు తప్ప ఏమీ లేదు దాంట్లో."

జ్ఞానమణి ఇక ఆపుకోలేకపోయింది. కోడలి చేతులు పట్టుకుని భోరుమంది. "ఎంత పని చేస్తిని తల్లీ! మీరు నన్ను ఓడలో ఎక్కించుకోని పోతాంటే, వదిలేసి పోతాండారనుకుంటి గదా!"

తెల్లవారి ఫోను తనే తెచ్చి క్రేటు మీద పెట్టింది. "ఆ ఎర్ర చుక్క యాడ నొక్కల్లమ్మే?"

కోడలు నొక్కింది. జ్ఞానమణి గొంతు సవరించుకుంది, ఒకటికి రెండుసార్లు. ఊహూ, రాగం రానంటే రాదు. "రాలేదు పాపా" అంది దిగులుగా.

కృపారాణి పక్కన చతికిలబడి కాయలు ఏరుతూ, ఆ రాగాన్ని తనే మెల్లగా అందుకుంది. కాసేపటికి ఒకచోట తప్పింది.

"అట్ల కాదమ్మే, ఆడ కొంచెం సాగల్ల" అంటూ జ్ఞానమణి కలిపింది. తర్వాత ఫోను సంగతే మరిచిపోయింది.

ఆఖరి పాటలో ఓడకు రెండు గొంతులున్నాయి.