మూడో పందెం

అమాయాను మొదటిసారి చూసినప్పుడు ఆమె కనుబొమల మీద రొట్టెల పిండి ఉంది. ఆమె ముందు నా పందెం చిప్పులున్నాయి.

కాసినోల ఊరు రీనోలో జనవరి నెల. పొద్దున్న ఎనిమిదింటికి మా కాసినోలో చిన్న పందేల పోకర్ టేబుల్ ఒక్కటే నడుస్తుంది. ఆడేవాళ్లంతా ముసలివాళ్లు. నాకు ముప్ఫై ఒకటి. అర్ధరాత్రి దాటేదాకా హోటల్ షటిల్ బస్సు నడిపి, ఇంటికెళ్లి, నిద్రపట్టక మళ్లీ లేచి, అక్కడికి వచ్చి కూర్చునేవాణ్ణి. ఆ రోజు నా చేతిలో చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటీ లేదు. అయినా బల్ల మీద మూడు ముక్కలు పరిచాక ఒక పందెం వేశాను. నాలుగోది పడ్డాక ఇంకోటి వేశాను. ఐదోది పడ్డాక నలభై డాలర్లు తోసి, ఆసుల జత ఉన్నవాడిలా వెనక్కి వాలాను.

కొత్తగా వచ్చిన అమ్మాయి ఆవలించి, తనూ నలభై తోసింది.

"చూపించు," అంది.

చూపించాను. తన ముక్కలు తిప్పింది. నాలుగుల జత.

"నాలుగులతోనా? మూడుసార్లు కొట్టాను. భయం వేయలేదా నీకు?"

"రాత్రంతా నాలుగొందల రొట్టెలు కాల్చి వస్తున్నాను. భయపడే ఓపిక లేదు."

నా పక్కన హార్లన్ దగ్గుతూ నవ్వాడు. నలభై ఏళ్లు లారీ నడిపి రిటైరైన మనిషి. నవ్వినా దగ్గినా ఒకేలా వినిపిస్తుంది.

"అబ్బాయ్ ఎమ్మెట్, ఎవరి మీద నీ బ్లఫ్, ఈ ఉత్తుత్తి బెదిరింపు? వీళ్లంతా పొద్దున్నే లేచి, చెవిలో మిషన్ పెట్టుకుని, మంచులో కారు నడుపుకుంటూ వచ్చింది ముక్కలు పడేసి తప్పుకోవడానికా? చూడ్డానికొచ్చారు. నీ చేతిలో ఏముందో చూసేదాకా కదలరు. రెండుసార్లు కొట్టి చూడు. ఎదుటివాడు పోలేదా, నోరు మూసుకో. మూడోది వేశావంటే అది ఆట కాదు, మొండితనం."

నాకు తెలియదని కాదు. చెయ్యి మాట వినదు. రెండుసార్లు అబద్ధమాడాక మూడోసారి ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఆడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత అమాయా వారానికి నాలుగు రోజులు వచ్చేది. ఆట అయ్యాక ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం గుడ్లు, వేయించిన బంగాళదుంపలు తినేవాళ్లం. మాట మధ్యలో నిద్రపోయేది. లేచి, ఆపిన చోటు నుంచే మొదలుపెట్టేది.

"ఏమన్నాను?"

"మీ బేకరీ యజమాని పిసినారి అన్నావు."

"ఆ. అన్నాను. నిజమే. నువ్వు నా బంగాళదుంపలు తిన్నావా?"

"లేదు."

"ఎమ్మెట్."

"నాలుగే తిన్నాను."

ఆమె కళ్ల కింద నల్లటి చారలు, నా కళ్ల కిందా అవే. ఇద్దరు అలిసిపోయినవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. ఆమె అంటే నాకు ఇష్టం. ఇంత చిన్న మాట చెప్పడానికి మార్చి వచ్చినా నోరు రాలేదు. ఆమె కాదంటే ఆ బంగాళదుంపలు కూడా ఉండవు కదా.

అందుకని తెలివితేటలు ఉపయోగించాను. ఆమె చేతే ముందు చెప్పిద్దామనుకున్నాను.

"దక్షిణాన టూసాన్‌లో మా బాబాయి కొడుకు లారీల కంపెనీ పెట్టాడు. నన్ను రమ్మంటున్నాడు," అన్నాను ఒక రోజు. నాకు బాబాయే లేడు.

"వెళ్తావా?"

"చూడాలి."

'వెళ్లకు' అంటుందనుకున్నాను. కెచప్ అడిగింది.

వారం తర్వాత ఇంకోటి వేశాను. "ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు కూడా చూశాడట."

ఆమె రొట్టె తుంచుతూ ఆగింది. "మంచిదేగా. అక్కడ మంచు ఉండదు," అంది.

అక్కడితో ఆగాల్సింది. నవ్వేసి, ఊరికే అన్నానని చెప్పేస్తే ఒక తిట్టుతో పోయేది. కానీ నా చెయ్యి సంగతి చెప్పాను కదా.

"వచ్చే గురువారమే ఆఖరి రోజు," అన్నాను.

అమాయా చెంచా కింద పెట్టింది. కిటికీలోంచి బయట పడుతున్న వానా మంచూ కలిసిన తడిని చూసింది. "జాగ్రత్తగా వెళ్లిరా," అని, తన వంతు డబ్బు బల్ల మీద పెట్టి లేచింది. ఆ వారమంతా ఆటకు రాలేదు.

నా టూసాన్ కబురు అప్పటికే టేబులంతా పాకింది. గురువారం పొద్దున్న వెళ్లేసరికి టేబుల్ పక్కన కేకు ఉంది. వెర్నా చేసుకొచ్చింది. ఆవిడ రోజూ మాతో ఆడే పాత బడిపంతులమ్మ. పైన క్రీముతో 'ఎమ్మెట్, వెళ్లిరా' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. హార్లన్ తన లారీ థర్మాస్ నా చేతిలో పెట్టాడు.

"ముప్ఫై రాష్ట్రాలు తిరిగింది ఇది. టూసాన్ దారిలో కాఫీ బాగుండదు."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అందరూ ముసలివాళ్లు, అందరూ నిజమని నమ్మారు. అమాయా వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది. నా వైపు చూడలేదు.

కాసేపటికి ఒక ఆటలో ఇద్దరమే మిగిలాం. నా చేతిలో ఏమీ లేదు. అలవాటు కొద్దీ ఒక పందెం వేశాను. ఆమె కట్టింది. ఇంకోటి వేశాను. కట్టింది. ఐదో ముక్క పడింది. చిప్పుల మీదికి చెయ్యి పోయింది. తలెత్తి చూస్తే ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. పనివల్ల వచ్చే ఎరుపు నాకు తెలుసు. ఇది అది కాదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇంక లేదు," అన్నాను.

హార్లన్ నా మొహంలోకి ఒంగి చూశాడు, జ్వరం వచ్చిందేమోనన్నట్టు. అమాయా కూడా పందెం వేయలేదు. ఆఖర్లో ఎవరూ పందెం వేయకపోతే ముందు వంతు ఎవరిదో వాళ్లే ముక్కలు తిప్పాలి. ఆ రూలు అందరికీ తెలుసు. అయినా ఎదుటివాడు ముందు తిప్పుతాడేమోనని అందరం ఎదురుచూస్తాం. ఓడినవాడికి చూపించకుండా పడేసే వీలుంటుందని ఆశ. మేమిద్దరం అలాగే కూర్చున్నాం.

"ఎమ్మెట్, ముందు వంతు నీదే," అన్నాడు డీలర్.

తిప్పాను. "ఏమీ లేదు," అన్నాను. "టూసాన్ కూడా లేదు. ఉద్యోగం లేదు. నాకు బాబాయే లేడు. నువ్వు వెళ్లొద్దంటావని అన్నాను, అమాయా. అంతే."

వెర్నా చేతిలో కేకు కోసే కత్తి అలాగే ఉంది.

అమాయా తన ముక్కలు తిప్పింది. తొమ్మిదుల జత. డీలర్ చిప్పులన్నీ ఆమె వైపు తోశాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇక్కడ నేను ముక్కలు పడేయను, ఎందుకో తెలుసా? పోతే నలభై డాలర్లు పోతాయి. బయట అలా కాదు. బయట ఎవరైనా గట్టిగా ఒక మాటంటే నమ్మి, తప్పుకుంటాను. తప్పుకున్నాను కూడా." ఆమె గొంతు పెద్దది కాలేదు. "పగటి షిఫ్టుకి మారతానని ఫిబ్రవరిలో అడిగాను. నీకు సెలవున్న సాయంత్రాలు నీతో ఉండొచ్చని. సోమవారం ఇచ్చారు. నువ్వు వెళ్తున్నావని, వద్దని చెప్పేశాను. వేరేవాళ్లకిచ్చారు."

నా బ్లఫ్ పారింది. మూడు నెలల్లో ఆమె మీద పారినది అదొక్కటే. అంత అన్యాయంగా నేను ఎప్పుడూ గెలవలేదు.

"థర్మాస్ ఇటివ్వు," అన్నాడు హార్లన్.

ఆమెను ఇంటి దగ్గర దింపాను. దిగుతూ అంది, "ఇప్పుడు తిడితే సగంలో నిద్రపోతాను. సాయంత్రం నాలుగింటికి రా. తీరిగ్గా తిడతాను."

నాలుగింటికి ఐదు నిమిషాల ముందే వెళ్లాను. తలుపు సగం తెరిచి, గడపలో నిలబడి తిట్టింది. మెట్ల మీద చలికి నా చెవులు మొద్దుబారాయి. మధ్యలో ఏదో చెప్పబోతే "ఇంకా అవలేదు" అంది. అబద్ధానికి తిట్టింది, పిరికితనానికి తిట్టింది, వెర్నా కేకుకి విడిగా తిట్టింది.

అయ్యాక అడిగింది, "ఇప్పుడు చెప్పు."

"నువ్వంటే నాకు ఇష్టం. జనవరి నుంచీ."

"మళ్లీ పగటి షిఫ్టు ఖాళీ అయ్యేది సెప్టెంబరులో. అప్పటిదాకా రాత్రులు పనే. పొద్దున్నపూట ఇలా అలిసిపోయి, పిండి కొట్టుకుని, మాట మధ్యలో నిద్రపోయే మనిషే దొరుకుతుంది నీకు. ఉంటావా?"

"ఉంటాను."

నా మొహం కేసి చాలాసేపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. దాచడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

"సూప్ ఉంది," అని తలుపు పూర్తిగా తెరిచింది.