మ్యూజియం దాటిన తుడుము

శబరి పొంగి చింతూరు సంతవీధిలో పడవలు తిరిగిన వరద ఏడు. ఆ నీళ్ళు తీశాక వచ్చిన మొదటి చైత్రంలో జరిగిందిది.

అరకులోయలో ఒక కాఫీ హోటల్. ఏజెంట్ ఫల్గుణ గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. బల్లకి అవతల చీఫ్ సర్వేశ్వరరావు, టూరిస్టు టోపీ పెట్టుకుని.

"కాఫీ చేదుగా ఉంది," అన్నాడు చీఫ్. అది కోడ్.

"గాలి చల్లగా ఉంది కదా సార్." అది జవాబు.

చీఫ్ గొంతు తగ్గించాడు. "మైక్రోచిప్ ఒకటి పోయింది. మన సబ్‌మెరైన్లు సముద్రం అడుగున తిరిగే రూట్లన్నీ అందులో ఉన్నాయి. విదేశీ ముఠా పని. విశాఖ పోర్టులో చెకింగ్ గట్టిగా ఉందని కొండెక్కించి ఇక్కడ దాచారు."

"మళ్ళీ ఎలా దింపుతారు?"

"ఆర్ట్ పేరుతో. ఇక్కడి ప్రైవేటు మ్యూజియం నుంచి వాయిద్యాలు విశాఖ ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నాయి. అక్కడ సీల్ పడితే నేరుగా ఓడెక్కుతాయి. ఆ తర్వాత మనం విప్పలేం. చిప్ దేశం దాటిందా, సముద్రంలో ఉన్న మన కుర్రాళ్ళు ఒక్కడూ ఇంటికి రాడు."

"భానుశ్రీ ఉంది కదా సార్."

భానుశ్రీ ఆ మ్యూజియం క్యురేటర్. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. నిజానికి ఆమె మన డబుల్ ఏజెంట్. ఆమెను డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది ఫల్గుణే. ఆమె కోసం పూచీ పడిందీ అతనే. ఆమె మీద మనసు పడిందీ అతనే.

"నువ్వు మ్యూజియంలో బొమ్మల మధ్య బొమ్మలా నిలబడు," అన్నాడు చీఫ్. "చిప్ ఎవరు పెడతారో చూడు. భానుశ్రీకి కూడా చెప్పకు."

"ఆమె మనమనిషి సార్."

"చెప్పకన్నాను."

మర్నాడు విశాఖ వెళ్తున్నానని భానుశ్రీకి ఫోన్‌లో చెప్పాడు ఫల్గుణ. ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అదే. ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని, విల్లు పట్టుకుని, వేటగాళ్ళ బొమ్మల వరసలో నిలబడ్డాడు. చెవిలో వైర్‌లెస్, మొలలో బండితాళాలు.

టూరిస్టులు వచ్చారు. ఒకావిడ అతని పక్కన సెల్ఫీ తీసుకుంది.

"భలే నాచురల్‌గా చేశారండీ," అన్నాడు ఆమె భర్త.

"ముక్కు కుదర్లేదు," అందామె.

మ్యూజియం మూసే వేళకు భానుశ్రీ వచ్చింది. గోడకి వేలాడుతున్న తుడుము అనే గిరిజనుల తోలువాయిద్యం దించింది. దాని తోలు అంచుకింద చిన్న పొట్లం దోపి, లక్కతో అంటించింది. ఫోన్ తీసింది.

"రైల్లో వెళ్ళేవి ఉత్త డబ్బాలు. అసలుది నా కారులో పాడేరు మీదుగా వస్తోంది." నవ్వింది. "ఫల్గుణా? విశాఖ స్టేషన్లో కాపలా కాస్తుంటాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు, పాపం."

బొమ్మకి కన్ను చెమ్మగిల్లకూడదు. ఫల్గుణ విల్లు కదలకుండా పట్టుకున్నాడు.

అప్పుడే పట్టుకుందామంటే గుమ్మంలో ముఠా మనుషులు తుపాకులతో ఉన్నారు. అతని చేతిలో ఉన్నది మ్యూజియం విల్లు. వాళ్ళని అక్కడే కాపలా ఉంచి ఆమె ఒక్కతే కారులో కదిలాక కిటికీ దూకి బైక్ ఎక్కాడు. వైర్‌లెస్‌లో చీఫ్‌ని పిలిచాడు. జవాబు లేదు.

కొండమలుపులో రోడ్డుకి అడ్డంగా దుంగ పడి ఉంది. అవతల భానుశ్రీ కారు ఆగి ఉంది.

మన్యంలో వేటపండగ, ఇటుకల పండగ రోజులవి. మగవాళ్ళు వేటకి పోతే ఆడవాళ్ళు దారి కాసి, వచ్చేపోయే బళ్ళు ఆపుతారు. డబ్బు ఇవ్వాలి, వాళ్ళతో ఒక చుట్టు థింసా నాట్యం ఆడాలి, అప్పుడే దుంగ లేస్తుంది. భానుశ్రీ పెద్దనోటు ఇచ్చి తప్పించుకుందామనుకుంది. వాళ్ళు నోటు తీసుకున్నారు, ఆమెనూ తీసుకున్నారు. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసిన వరసలో ఆమె ఇరుక్కుపోయింది.

వరసకి ముందున్న కనక అనే ఆవిడ ఫల్గుణను చూసి కేక పెట్టింది. "ఓలమ్మో, వేటగాడొచ్చీసినాడు! ఏటి తెచ్చావురా? పిట్టయినా లేదేటి?"

"అక్కా, ఒక్క మాట..."

"ఉత్తిసేతుల్తో వచ్చి మాటలు సెప్తన్నాడే! బేగి పొయ్యండి!"

వేట దొరకనివాడికి అక్కడ జరిగే మర్యాద అదే. బిందెడు పేడనీళ్ళు నెత్తిన పడ్డాయి. మట్టివేషం కరిగి మొహం బయటపడింది. అదే క్షణాన వరస తిరిగి భానుశ్రీ ఎదురుగా వచ్చింది.

"నువ్వు విశాఖలో ఉన్నావు కదా!" అంది.

"నువ్వు మావైపు ఉన్నావు కదా," అన్నాడు.

"మొగుడేటే?" అంది కనక.

"చెయ్యి వదలండి!"

"సుట్టు పూర్తవనీ గుంటా. మధ్యలో వదిలితే పండగ్గాదు."

మగవాళ్ళు ఊళ్ళో వాయిద్యాలన్నీ అడవికి పట్టుకుపోయారు. అందుకని ఒక ముసలామె కారు వెనకసీట్లో కనిపించిన తుడుము తెచ్చుకుంది. కొట్టింది. మొద్దుగా మోగింది.

"సెమ్మ పట్టీసినాది. సెగ సూపాల," అంటూ గడ్డిమంట మీద పట్టింది.

"వద్దు! మంటలో పెట్టొద్దు!" భానుశ్రీ అరిచింది.

ఒక చెయ్యి లాక్కుంది. చీరమడతలోంచి పిస్టల్ వచ్చింది. గురి ఫల్గుణ గుండెకి. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

కనక అడుగు మార్చింది. వరసంతా పాములా మెలి తిరిగింది. భానుశ్రీ రెండో చెయ్యి ఇంకా వరసలోనే ఉంది. ఆ విసురుకి కాలు తప్పింది. గుండు ఆకాశంలోకి పోయింది, పిస్టల్ లోయలోకి పోయింది. సెగకి లక్క కరిగి పొట్లం నిప్పుల్లోకి జారింది. ఫల్గుణ ఉత్తచేత్తో అందుకున్నాడు.

అరచేతిలో బొబ్బ లేవకముందే జీపులు వచ్చాయి. మొదటి జీపులోంచి చీఫ్ దిగాడు.

"శెభాష్."

"ఇంత తొందరగా ఎలా వచ్చారు సార్?"

చీఫ్ టోపీ సర్దుకున్నాడు.

"ఆమె సంగతి మీకు ముందే తెలుసు."

"ఏడాదిగా తెలుసు. నీకు చెప్తే ఆమె ముందు నీ మొహం మారిపోయేది. నువ్వు నమ్ముతున్నావన్న ధైర్యంతోనే ఆమె చిప్ బయటికి తీసింది. నీ చెయ్యి జారినా కింద రోడ్డులో మేం పట్టుకునేవాళ్ళం."

"నేను పోతే?"

"పోలేదు కదా."

ఫల్గుణ చిప్ అతని అరచేతిలో పెట్టాడు. బేడీలతో జీపెక్కుతున్న భానుశ్రీ వెనక్కి తిరిగింది.

"నిన్ను మోసం చేస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఫల్గుణా," అంది. ఆ ఏడాది అంతటిలో ఆమె చెప్పిన నిజం బహుశా అదే.

చీఫ్ జీపు కదలబోతే కనక దుంగ మీద కూర్చుంది. "టోపీ బాబూ, నువ్వూ ఆడాల."

చీఫ్ ఆడాడు. చూడ్డానికి ఫల్గుణ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే చేతికి కట్టు కట్టించుకుని మొదటి బస్సులో విశాఖ దిగాడు. బీచ్ దగ్గర ఏదో మ్యూజియం కనిపిస్తే లోపలికి వెళ్ళాడు. పాత పడవల ముందు నిలబడి నిదానంగా చూస్తుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" అన్నాడు చీఫ్.

"మ్యూజియంలో."

"ఏం వేషం?"

"టికెట్ కొన్నాను సార్," అని ఫోన్ ఆపేశాడు.