ఉత్తర బురుజు పలుకు

రెండు నెలలుగా శత్రుసేనలు ముట్టడించిన మేఘగిరి దుర్గమును ఆ ప్రభాతమున పొగమంచు నిలువునా మ్రింగివైచెను. తూర్పు బురుజుపై నిలిచిన సేనాపతి పోలమనాయకునికి ప్రక్క బురుజైనను కానరాకుండెను.

జాము మారినప్పుడు నాలుగు బురుజులవారును తమ తమ భాషలలో కావలికేక వేయుట ఆ కోట ఆచారము. తూర్పున తెలుగువారు, దక్షిణమున తమిళులు, పడమట ఓఢ్రులు, ఉత్తరమున కన్నడిగులు. కన్నడ దళమునకు రాజమన్నన పెరుగుట సహింపలేని దేవయామాత్యుడు, ఐకమత్యము పేర, అందరును తెలుగుననే పలుకవలెనని శాసనము చేయించెను. మీరినవానికి శిరశ్ఛేదము.

"మెలకువ!" అని పోలమ కేకవేసెను. మూడు దిక్కులనుండియు అదే మాట తిరిగివచ్చెను.

"అయ్యా, ఉత్తరపు గొంతు కన్నడ దళపతి చిక్కణ్ణది కాదు," అని ఉపనాయకుడు సూరపరాజు గొణిగెను.

"జలుబు చేసియుండును."

"చిక్కణ్ణకు జలుబు చేసిన కోటంతయు తుమ్ములే వినబడును గదా!"

ఉత్తర బురుజు చేజారియున్నచో, దాని వెనుకనున్న లోపలి ద్వారము తక్షణమే మూయవలెను. లోపల స్త్రీలు, పసివారు. చేజారనిచో, ద్వారము మూసి చిక్కణ్ణ దళమును శత్రువుల వాతబడవేసినట్లగును. ఒక్క పలుకున మిత్రుడెవడో, పగవాడెవడో తెలియుటెట్లు?

"కన్నడమున పిలిచెదను."

"అయ్యా, మంత్రిగారి వేగు మెట్లపైననే యున్నాడు!"

"విననిమ్ము. పోవునది నా తలయే."

పోలమ కన్నడమున అరచెను: "చిక్కణ్ణా, తమ్ముడా, నీ భాషలో బదులు పలుకుము!" ఆ సాహసము విని దక్షిణము తమిళమున, పడమర ఓఢ్రమున బదులిచ్చెను. ఉత్తరమునుండి మాత్రము మరల "మెలకువ!" అనియే వచ్చెను.

"మూయుడు తలుపులు!"

మరుక్షణము మంచులోనుండి బాణములు కురిసెను. ద్వారము నిలిచెను. మధ్యాహ్నమునకు శత్రువులు వెనుదిరిగిరి.

సభలో దేవయామాత్యుడు, "దేవా, ఇతడు శాసనధిక్కారి," అనెను. పోలమ కత్తి నేలపై పెట్టి, తలపాగ తీసి, మెడ వంచెను.

రాజు మంత్రివైపు చేయి చాచెను. "అమాత్యా, నాలుగు కేకలు నేర్చుట పగవానికి కష్టమయ్యెడిది. నీవు వానికి పని తేలిక చేసితివి. నీ మంత్రిముద్రిక ఇటు పెట్టుము. సేనానీ, లెమ్ము. నేటినుండి ఎవరి కేక వారిది."

ఆ సాయంకాలము జాము మారెను. తూర్పు పలికెను, దక్షిణము పలికెను, పడమర పలికెను. పోలమ చెవి యొగ్గి నిలిచెను. ఉత్తర బురుజున కన్నడము పలుకుటకు ఎవ్వరును మిగులలేదు.