ముసురు హోటల్లో తెరిపి

పదకొండు దాటగానే, హోటల్లో వాన నడిపే వరాలు ఆరో చూరు కింద జల్లు రెండు పాళ్ళు పెంచింది. పేకాట బల్ల దగ్గర ఒక పెద్దమనిషి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడని, అతిథుల గుండెలు చదివే నాడిపటం చెప్పింది మరి. పెంకుల మీద చప్పుడు హెచ్చింది. నేలగొట్టాల్లోంచి మట్టివాసన లేచింది. వేడి పకోడీల బండి దానంతటదే అటు కదిలింది. ఆయన ఓసారి మబ్బుకేసి చూసి, "ఈ వానలో ఎక్కడికెళ్తాంలే" అని మళ్ళీ ముక్కలందుకున్నాడు.

ఆ మబ్బు ఇరవై అడుగుల ఎత్తున పరిచిన తెర. బయట, భీమిలి తీరానికి మూడు మైళ్ళ దూరాన తేలే ఈ కట్టడం చుట్టూ, ఎండ మాడ్చేస్తోంది.

పొట్నూరు రామజోగి కట్టిన పదో జూదశాల హోటలిది. పేరు ముసురు. మిగతా తొమ్మిదీ ఊరూవాడా పేరు మోసినవే: ఒకటి తిరిగే జాతర, ఒకటి చంద్రుడి మీది కోట, ఒకటి సముద్రం అడుగున నడిచే రైలు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఓ కల వచ్చిందంటే దాన్ని కట్టి, అందులో మంచాలు వేయించి, జనాన్ని పడుకోబెట్టేదాకా తను నిద్రపోడు. వానలో వచ్చిన చుట్టాన్ని ఎవరూ వెళ్ళనివ్వరు, చూరు కింద గవ్వలాటకి కూర్చోబెడతారు. ఆ మర్యాద మీదే ఈ హోటలంతా నిలబెట్టాడు. తుంపరకీ జల్లుకీ జడివానకీ తేడా వరాలుకి పదహారేళ్ళు దగ్గరుండి నేర్పింది ఆయనే. ఆయనంటే ఆమెకి ప్రాణం.

ఇవాళే మొదటిరోజు. లోపలున్న మూడొందలమందిలో దాదాపు అందరూ సాయంత్రం ఆరుదాకా ఉంటే ముసురు బతుకుతుంది. పదిమందికి మించి లేచిపోతే, హోటల్ని నడిపే యంత్రం, నిలుపరి, ఒప్పందం ప్రకారం అప్పటికప్పుడే ఈ పెంకులన్నీ కరిగించి, ఇంకెవరిదో ఎడారి కోట పోతపోస్తుంది.

రెండున్నరకి మూడో చూరు దగ్గర ఒకావిడ లేచి నిలబడింది. ఆకుపచ్చ పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, పిడికిట్లో గవ్వలు.

"అమ్మీ, ఈ వాన ఎప్పుడు తగ్గుతాది?"

"ఏటండీ, పనుందా?" అంది వరాలు.

"పెళ్ళుంది. నాలుగ్గంటలకి."

"ఎవరిదండీ?"

"నాదేనమ్మా," అని ఆవిడ సిగ్గుతో తల దించుకుంది.

ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. అరవై రెండేళ్ళు. రేవులో టిఫిన్ కొట్టు. గుండెదడ తగ్గుతుందని ఒక్క ఆట ఆడి పోదామని పొద్దున్న వచ్చింది. అవతల రిజిస్ట్రారు ఆఫీసులో చిన్నంనాయుడు ఎదురుచూస్తున్నాడు.

"మూడుసార్లు రోజు నేనే మార్పించీసినాను. ఈపాలి రాకపోతే మరి అడగనన్నాడు. మంచోడమ్మా. అంత మంచోడని తెలిసే భయం."

"ఇది ఉత్తుత్తి వాన కదండీ. మెట్లు దిగితే పడవుంది. వెళ్ళిపోండి."

"నాకు తెలీదేటి? అయినా కాలు కదలట్లేదు. ఇలాటి వానలో గడప దాటబోతే, ఎవరో చెయ్యట్టుకుని ఆపీసినట్టే ఉంది."

నాడిపటం మీద ఆవిడ భయం ఎర్రగా వెలుగుతోంది. నిలుపరికి అంతకన్నా మంచి సరుకు దొరకదు. "మూడో చూరు. ఉరుము ఒకటి. జల్లు మూడు పాళ్ళు," అని అది వరాలు చెవిలో చెప్పింది.

వరాలు పెంచలేదు. పోనీ ఆ ఒక్క చూరుకీ ఆపుదామంటే, తక్కిన పెంకుల మీద మోగుతుంటే ఆవిడ కదలదు. మొత్తం ఆపాలి. పై గది అద్దం వెనక రామజోగి నిలబడి ఉన్నాడు, పరీక్ష రాసొచ్చి ఫలితం కోసం చూసే పిల్లాడి ముఖంతో. ఆ ముఖం చూస్తే వరాలుకి ఏడుపొచ్చింది. వెళ్ళి అడిగితే ఆయనేమంటాడో తెలియదు. ఏమన్నా ఆ మాట జన్మంతా మోసేది ఆయనే. అందుకే అడగలేదు.

వాన ఆపే మీట ఆ పరికరంలో లేనేలేదు. తగ్గించే మీటలున్నాయి, పెంచేవున్నాయి. తెరిపి పెట్టడం రామజోగి మరిచిపోయాడు, గుర్తు చెయ్యడం వరాలూ మరిచిపోయింది. ఆమె నిచ్చెనెక్కి పద్నాలుగు చూరుల కుళాయిలూ ఒక్కొక్కటిగా చేత్తో కట్టేసింది.

చినుకులు ఆగాయి. హాల్లో తలలన్నీ పైకి లేచాయి. తర్వాత ఎవరో, "తెరిపిచ్చింది, పదండి పదండి, మళ్ళీ అందుకుంటాది," అన్నారు. అంతే! గెలిచే ముక్కలు చేతిలో ఉన్నవాళ్ళు కూడా బల్ల మీద పడేసి లేచారు. చెప్పుల దగ్గర తోపులాట. అందరికన్నా ముందు అచ్చియ్యమ్మ, కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, పడవ మెట్ల మీద. నిలుపరి పకోడీలు పంపింది, పాటలు పెట్టింది, దీపాలు పెంచింది. ఒక్కరూ ఆగలేదు.

రామజోగి ఆయాసపడుతూ దిగొచ్చాడు.

"ఎవులు కట్టీసినారు?"

"నేనేనండి బాబుగారూ." ఎందుకో చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. "మీ హోటలు పోయినట్టేనండి."

ఆయన ద్వారం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ముందు పడవలో అచ్చియ్యమ్మ కథ అప్పుడే అందరికీ తెలిసిపోయినట్టుంది, పడవెడుమందీ పెళ్ళివారైపోయి ఆవిణ్ణి ఆటపట్టిస్తున్నారు. వెనక పడవల్లో ఆటల గురించి వాదులాటలు. కొందరు హోటల్ని తిరిగి తిరిగి చూస్తున్నారు.

"నలభై ఏళ్ళు, జనం ఎలగొస్తారన్నదే కలగన్నానే అమ్మీ," అన్నాడు. "ఇలగ నవ్వుకుంటూ ఎల్లడం ఒక్కపాలీ సూడ్లేదు." ఆమె తలమీద చెయ్యి వేసి అక్కడే ఉంచాడు.

"అతిథులు సున్నా," అంది నిలుపరి హాలంతా వినబడేలా. "ఒప్పందం ప్రకారం..." అని ఆగిపోయింది. నాడిపటం మీద ఇంతకుముందెన్నడూ లేని గీతలు పడుతున్నాయి. వెళ్తూ వెనక్కి చూసినవాళ్ళ గుండెలవి. వాటిని ఏ గడిలో వెయ్యాలో దానికి తెలియలేదు.

"వాళ్ళు మళ్ళీ వస్తారా?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక అది మనిషినొక ప్రశ్న అడగడం అదే మొదలు.

"తెలీదు," అన్నాడు రామజోగి. "కూకో, సూద్దాం."

మెట్టు మీద కూర్చుని, పక్కన వరాలుకి చోటిచ్చాడు. ఇద్దరూ రేవుకేసి చూస్తుండగానే ఆరైంది, ఆరుంపావు కూడా అయింది. నిలుపరి ఒక్క పెంకూ కరిగించలేదు. సముద్రం వైపు తలుపులన్నీ తెరిచి ఉంచింది.