లేని ఫోనులోని గది

హిందూపురంలో మా కార్యాలయం ఒక దారాల దుకాణానికి పై అంతస్తులో ఉన్నది. రైతుల మోటార్లను ఫోను ద్వారా నడిపే యాప్‌ను అక్కడ తయారుచేస్తాము. దాన్ని పరీక్షించడానికి నిజమైన ఫోను అవసరం లేదు. ఎమ్యులేటర్ అనే ఉత్తుత్తి ఫోను మా కార్యాలయపు సర్వరులోనే ఉంటుంది. దానికి కావలసిన సరంజామా అంతా కంటైనర్ ఇమేజ్ అనే ఒకే మూటలో కట్టి ఉంచుతాము. మూట విప్పితే ఆ ఫోను లేస్తుంది, పరీక్షలు వాటంతటవే జరిగిపోతాయి. దాని కెమెరా తెరిస్తే ఒక బొమ్మగది కనిపిస్తుంది: ఒక సోఫా, ఒక బల్ల. అందులో మనుషులు ఉండరు.

ఆనాటి సాయంకాలం దుమ్ముగాలి ఊరిని కమ్మివేసింది. కిటికీలు గోధుమరంగుకు తిరిగాయి. మా బృందంలో అందరికంటే నేర్పరి అయిన పవిత్ర, ఆ మూటలోని పాత లైబ్రరీలను, అంటే సిద్ధంగా దొరికే కోడ్ ముక్కలను, తొలగించి కొత్తవి ఎక్కిస్తున్నది.

కొత్త ఇమేజ్‌కు ఇంటివారి పేరుతో బోణీ చేయడం మా ఆనవాయితీ. పవిత్ర తన తమ్ముడు గిరి పేరు వ్రాసింది. పెనుకొండలో వాళ్ళ కొట్టంలో గడ్డి కత్తిరించే యంత్రం ఉన్నది. మా యాప్‌కు కలిపిన ఆ మోటారు నంబరు కూడా వ్రాసింది.

"నిజమైన నంబరు ఎందుకమ్మా?" అన్నాను.

"ఉత్తుత్తి ఫోను నుంచి ఏదీ బయటికి పోదు కద సార్. వచ్చే వారం వాని పెండ్లి. మంచి జరగనీలే అని."

పరీక్ష మొదలైంది. కెమెరా దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూడటానికి తెర చిత్రాన్ని తెరిచాము.

సోఫా లేదు. రేకుల కొట్టం. గడ్డి యంత్రం. దాని మీదికి వంగిన ఒక మనిషి వీపు.

మేమున్న గదిలో పచ్చి జొన్నచొప్ప వాసన వేసింది.

"సార్... ఆ చొక్కా మా గిరిది."

"కొట్టంలో కెమెరా ఉన్నదా?"

"బల్బే సరిగా లేదు సార్..."

ఆమె తమ్ముడికి ఫోను చేసి, నాకూ వినిపించేలా పెట్టింది.

"ఏమక్కా! ధర్మవరం నుంచి ఇప్పుడే వస్తి. నీకు తెచ్చిన చీర సూస్తే నువ్వే పెండ్లికూతురు అనుకుంటారు పో!"

"చెయ్యి యాడ పెట్టినావురా?"

"మిషన్లో చొప్ప ఇరుక్కుండాది, తీస్తాండా. భయమెందుకు? గాలికి స్తంభం పడిపాయ. ఊర్లో కరెంటే లేదు."

"తియ్యిరా! చెయ్యి తియ్యి!"

"ఉండక్కా, వచ్చేస్తాంది..." నవ్వుతున్నాడు.

తెర మీద తరువాతి మెట్టు వచ్చింది. మోటారు నడవాలంటే కావలసిన యజమాని వేలిముద్ర. పరీక్షలో ఆ ముద్రను, పరీక్షను నడిపే మా స్క్రిప్టే ఇస్తుంది. నేను నెట్ తీగను పెరికివేశాను. పవిత్ర కంటైనర్‌ను ఆపింది.

అది ఆగింది. ఆగినట్టు చూపించింది కూడా.

'వేలిముద్ర సరిపోయింది.'

'మోటారు నడుస్తున్నది.'

ఫోనులో గుర్రుమని ఒక చప్పుడు.

"అక్కా... కరెంటు లేకనే... ఇది..."

ముందుగా చొప్ప నలిగిన చప్పుడు. ఆ తరువాత అంతకంటే గట్టిది నలిగిన చప్పుడు. ఒకే అరుపు... అది మధ్యలో తెగిపోయింది. యంత్రం మాత్రం ఆగలేదు. తెర మీద చిత్రం మారింది. చెయ్యి మోచేయి దాటి భుజం వరకు బ్లేళ్ళలోకి పోయింది. రేకుల మీద నెత్తురు చారలు చారలుగా జారుతున్నది. గిరి ముఖం మా వైపు తిరిగి ఉన్నది.

ఆసుపత్రికి చేరకముందే అతడు మరణించాడు. పడిన స్తంభాన్ని మరునాటి ఉదయం వరకు లేపలేదని లైన్‌మన్ ప్రమాణం చేసి చెప్పాడు. తల్లి జయమ్మ చొప్ప కుప్ప అంతా వెదికి ముక్కలు ఏరింది. కుడి అరచేయి మాత్రం దొరకలేదు.

పవిత్ర మళ్ళీ కార్యాలయానికి రాలేదు. మేము పాత ఇమేజ్‌కే వెళ్ళిపోయాము. గిరి పేరున్న కొత్తదాన్ని తీసివేశాము. బొమ్మగదిలో సోఫా, బల్ల యథాస్థానంలో ఉన్నాయి. పరీక్షలన్నీ సక్రమంగానే జరుగుతున్నాయి. కాకపోతే మా స్క్రిప్టు వేలిముద్ర ఇవ్వకముందే, సరిపోయిందని తెర మీద వస్తున్నది.

నిన్న ఆ మాట తెర మీద చూస్తుండగా, నా బల్ల మీద ఉన్న సొంత ఫోను వెలిగింది. అది నా వేలికి తప్ప తెరుచుకోదు.

తెరుచుకొని ఉన్నది. అద్దం మీద పచ్చని చొప్పరసం... ఒక బొటనవేలి ముద్రంత.