గురువారం లాగుడు

"ఈ గురువారం దనీలో సార్‌ని లాగుదామా?"

స్టాఫ్‌రూమ్ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ యస్నా ఆ మాట అనగానే దనీలో టీ కప్పు కింద పెట్టేశాడు. రాజధాని శాంతియాగో నుంచి ఈ చిలోయే దీవి బడికి వచ్చి మూడు వారాలైంది. మూడు వారాలూ ఒకటే వాన. ఆరో తరగతికి భిన్నాలు చెప్పడం, వాళ్ళు తెల్లమొహం వేయడం. అప్పుడే ఉద్యోగంలోంచి లాగేస్తారా?

"ఎక్కణ్ణుంచి లాగుతారు?" అన్నాడు.

"ఎక్కడ ఇరుక్కుంటే అక్కణ్ణుంచి!" అని నవ్వేసింది సైన్సు టీచరు యస్నా.

ఆ నవ్వు బాగుందని ఒప్పుకోవడానికి దనీలోకి మనసు రాలేదు.

గురువారం అతను క్లాసు తలుపుకి బెంచీ అడ్డం పెట్టాడు. కాసేపటికి కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు. బయట వానలో ఆరుగురు టీచర్లు. అందరికంటే ముందు, ముక్కు ఎర్రబడిపోయి, యస్నా.

"తలుపు తీయండి సార్, తడిసి ముద్దవుతున్నాం!"

"తనిఖీకి నేను ఒప్పుకోను! మా పాత బడిలోనూ ఒకాయన వెనక బెంచీలో కూర్చుని రాసుకునేవాడు. నెల తిరక్కుండా ఇద్దరు ఉద్యోగం పోయి ఇంటికెళ్ళారు. నాకేం తెలీదనుకోకండి!"

యస్నా మొహంలో నవ్వు ఆరిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గెలిచానని అతనికి ఏమాత్రం అనిపించలేదు.

మర్నాడే బదిలీ కోరుతూ ఉత్తరం రాసి ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎదూలియా మేడమ్ గంబూట్లతో వరండాలో వాన నీళ్ళు ఊడుస్తోంది. కవరు విప్పకుండానే కోటు జేబులో పెట్టుకుంది.

"వచ్చే గురువారం దాకా ఇది నా దగ్గరే ఉంటుంది బాబూ. ఆరోజు మీ ఆరో తరగతికి నేను చెప్తాను పాఠం. మీరు వెనక కూర్చుని చూడండి."

ఆ గురువారం టీచర్లంతా వెనక బెంచీల్లో కూర్చున్నారు. యస్నా పక్కన తప్ప ఎక్కడా చోటు లేదు. ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగింది మేడమ్.

"నాలుగో వంతే!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆవిడ బొమ్మ గీసింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్తుంటే సుద్దముక్క విరిగింది. మళ్ళీ "నాలుగే!" అన్నారు పిల్లలు. మేడమ్ సుద్ద కింద పెట్టి వెనక్కి తిరిగింది.

"పాఠం ఇరుక్కుపోయింది. పన్నెండేళ్ళుగా ప్రిన్సిపాల్‌ని, అయినా ఈ ముక్క చెప్పలేకపోతున్నాను. లాగండి."

దనీలో ముందుకు వంగాడు. పిల్లల ముందు, తన కింద పనిచేసేవాళ్ళ ముందు, నాకు రావట్లేదని ఇంత మామూలుగా అనేసిందేమిటీ మనిషి! ఒక్కరూ నవ్వలేదు.

"మీరు అడిగి, మీరే జవాబు చెప్పేశారు మేడమ్. వాళ్ళని ఆలోచించుకోనివ్వలేదు," అన్నాడు పాటలు నేర్పే రోసమెల్ సార్.

"మూడో బెంచీలో పిల్ల వేళ్ళమీద ఏదో లెక్కేస్తోంది. మీరు చూడలేదు," అంది యస్నా.

మేడమ్ ప్రతి మాటా బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది. దనీలోకి తను చదివిన కాలేజీలో ఎంత పెద్ద మేస్టారూ ఇంత ఎత్తుగా కనబడలేదు.

"ఇక్కడివి చెక్క ఇళ్ళు. ఇల్లు మార్చాలంటే ఇంటినే దుంగల మీదికెక్కిస్తాం," అంది యస్నా మెల్లిగా, ఎదురుగానే చూస్తూ. "ఎద్దుల్ని కట్టి, ఊరంతా కలిసి లాగుతాం. మేడమ్ పాఠాలకీ అదే పద్ధతి పెట్టింది. ఏటా మొదట లాగించుకునేది ఆవిడే."

"అంటే... నన్ను ఉద్యోగంలోంచి లాగడం కాదా?"

ఆమె చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం నవ్వుకి అదురుతున్నాయి.

"నా పాఠం కూడా లాగాలి," అన్నాడతను. "ఎవర్ని అడగాలి?"

"అందర్నీ. రొట్టె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి అడగాలి. మా పద్ధతి అది."

ఆదివారం వానలోనే బయల్దేరాడు. యస్నా ఇల్లు ఆఖరికి ఉంచుకున్నాడు. వాళ్ళ మామ్మ తలుపు తీసింది.

"యస్నా గారిని అడగడానికి వచ్చానండీ."

మామ్మ అతన్నీ, దువ్విన తలనీ, చేతిలో బంగాళదుంప రొట్టెనీ ఎగాదిగా చూసింది. "ఎప్పటికి?"

"ఈ గురువారానికండీ."

"అంత తొందరేం బాబూ?"

"నావల్ల కావట్లేదండీ. ఆవిడ పక్కనుంటే ఎలాగో లాగేస్తాను."

"యస్నా!" అని కేకేసింది మామ్మ. "మాట సూటిగా ఉంది కుర్రాడిది. నాకిష్టమేనే!"

పిండి చేతులతో వచ్చిన యస్నా మొహం కందిపోయింది. "పాఠానికి మామ్మా! పాఠానికి!"

"పాఠానికైతే ఇంత బాగా తల దువ్వుకొస్తాడా?" అంటూ మామ్మ రొట్టె అందుకుంది.

గురువారం దనీలో తలుపు బార్లా తెరిచాడు. టీచర్లు లోపలికొచ్చి, మామ్మ పంపిన ఒకే సైజు రొట్టెలు రెండు బల్లమీద పెట్టారు. ఒకటి ముగ్గురికి, ఒకటి నలుగురికి. అతను అడిగి, నోరు మూసుకుని నిలబడ్డాడు. అంతకంటే కష్టమైన పని జీవితంలో చేయలేదు. మూడో బెంచీ పిల్ల తన ముక్కనీ పక్కవాడి ముక్కనీ మార్చి మార్చి చూసింది.

"సార్! ముగ్గురున్నచోటే ముక్క పెద్దది!"

దనీలోకి ఒక్క పాఠం వెనక ఇంతమంది భుజాలున్నాయా అనిపించింది. మేడమ్ విప్పని కవరు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అతను దాన్ని స్టాఫ్‌రూమ్ పొయ్యిలో వేశాడు.

"వెళ్ళట్లేదా అయితే?" అంది వెనకే వచ్చిన యస్నా.

"లేదు. మొన్న మామ్మ ఏమనుకుందో, నేను అడగాలనుకున్నదీ అదే. ధైర్యం చాలక పాఠం వంక పెట్టుకున్నాను. కాకపోతే నాకు లాగడానికి ఇల్లయినా లేదు."

"ముందు కట్టుకుందాం," అంది యస్నా, కిటికీవైపు చూపిస్తూ. "లాగడానికి వీళ్ళున్నారుగా."

అద్దానికి ముక్కులు ఆనించి, వానలో తడుస్తూ, అయిదుగురు టీచర్లూ ఎదూలియా మేడమూ లోపలికి చూస్తున్నారు. ఈసారి దనీలో పరిగెత్తుకెళ్ళి తలుపు తీశాడు.