తర్వాతగారి ఇంటి దరఖాస్తు

ఆమె ఉద్యోగంలో చేరిన రోజే అతను రాసిన వెబ్ పేజీలో ముప్పై ఒక్క తప్పులు పట్టింది. పట్టి ఊరుకుందా అంటే అదీ లేదు. ఒక్కోదానికీ ఫొటో తీసి, ఎర్ర గీత గీసి, వరసగా అతనికి పంపింది.

అతను వెబ్ డెవలపర్. అద్దె ఇళ్లు చూపించే ఒక వెబ్‌సైట్‌కి నాలుగేళ్లుగా పేజీలు రాస్తున్నాడు. ఆమె టెస్టర్. అతను రాసినవాటిని జనం కంట పడకముందే ఎక్కడ విరుగుతాయో నొక్కి చూడటం ఆమె పని. ఆ పనంటే ఆమెకెంత ఇష్టమో ఆ ఫొటోలు చూస్తేనే తెలిసిపోతోంది.

అతను రుసరుసలాడుతూ ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"ఇరవై ఎనిమిదోది తప్పు కాదండీ. బటన్ కొంచెం పక్కకి జరిగిందంతే."

"కొంచెం అంటే?"

"రెండు పిక్సెళ్లు."

"మీ చొక్కా గుండీలు కూడా అలాగే వదిలేస్తారా?"

అతను వంగి చూసుకున్నాడు. పై గుండీ కింది కాజాలో ఉంది. మిగతావన్నీ దాని వెనకే బుద్ధిగా తప్పుదారి పట్టాయి. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకునేవాడే. నవ్వకపోయేసరికి ఏం చేయాలో తోచలేదు.

"తర్వాత చూద్దాం లెండి," అని సీటుకొచ్చి కూర్చున్నాడు.

ఆ మాట అతనికి ఊతపదం. వారం తిరక్కుండానే ఆమె అతన్ని తర్వాతగారూ అని పిలవడం మొదలుపెట్టింది. ఏ పేజీ చూపించినా "మళ్లీ చేయండి" అంటుంది కాబట్టి అతను ఆమెను మళ్లీగారూ అన్నాడు. నెల తిరిగేసరికి ఆఫీసులో ఎవరికీ వాళ్ల అసలు పేర్లు గుర్తులేవు.

అతని దగ్గరొక చిన్న నోట్‌బుక్ ఉంది. పనిలో నేర్చుకున్నవి అందులో రాసుకుంటాడు. నాలుగేళ్లలో రెండు పేజీలు నిండాయి, ఆమె వచ్చాక మూడు నెలల్లో పదిహేను. 'పనికిరాని కోడ్‌ని ఎప్పటికైనా కావాలేమో అని దాచుకోకు.' 'ఎర్రగా వచ్చిన మెసేజ్‌ని చివరిదాకా చదువు, సగం చదివి కంగారుపడకు.' 'నా కంప్యూటర్‌లో బాగానే ఉంది అన్నది జవాబు కాదు.' 'టెస్ట్ కోసం నింపినవాటిని ఏ రోజువి ఆ రోజే తీసెయ్యి.' ఈ చివరిది ఆమె పెట్టిన రూలే. ప్రతి పాఠం వెనకా ఒక గొడవ, ఆ గొడవ వెనకా ఒక కాఫీ ఉన్నాయి.

నోట్‌బుక్‌కి ఎక్కని సంగతి ఒకటుంది. ఆమె అంటే అతనికి ప్రాణం. ఈ సంగతి ఆమెకి చెప్పాలి. తర్వాత చెబుదాంలే అనుకుంటూ వచ్చాడు.

ఒక సాయంత్రం వానకి ఇద్దరూ ఆఫీసు మెట్ల దగ్గర చిక్కుకుపోయారు.

"జనానికి ఇన్ని ఇళ్లు చూపిస్తారు కదా, మీకెలాంటి ఇల్లు కావాలి?" అని అడిగింది ఆమె.

"పెద్ద కోరికలేం లేవండీ. బాల్కనీలో రెండు కుర్చీలు పట్టాలి."

"ఉండేది ఒక్కరేగా. రెండెందుకు?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె వాన వైపు చూసింది.

"తర్వాత చెప్తాను," అన్నాడు. వానకి కూడా విసుగొచ్చినట్టుంది, కాసేపటికి ఆగిపోయింది.

అద్దె దరఖాస్తు పేజీ దగ్గర వాళ్ల గొడవ మరీ ముదిరింది. అందులో అద్దెకు దిగేవాళ్ల మధ్య సంబంధం ఏమిటని అడిగే గడి ఒకటుంది. అన్నదమ్ములు, స్నేహితులు, తల్లీకొడుకులు, ఇలా ఏదో ఒకటి ఎంచుకోవాలి. కానీ పేజీ తెరవగానే అక్కడ 'భార్యాభర్తలు' అని ముందే పడి ఉండేది.

"ఇది తీసేసి 'ఎంచుకోండి' అని పెట్టండి. చూసుకోకుండా వదిలేస్తే స్నేహితులిద్దరూ భార్యాభర్తలైపోతారు," అంది.

"చిన్న విషయమే కదా. తర్వాత..."

"చిన్న విషయమా? అంత పెద్ద మాటని మనుషులు తమంతట తాము ఎంచుకోవాలండీ. మనం ముందే నింపిపెట్టకూడదు."

సోమవారం ఆమె సెలవు పెట్టింది. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చోలేక, ఆమె ఎప్పుడెప్పుడో చెప్పిన తప్పులన్నీ ముందేసుకుని పద్నాలుగింటిని ఒక్క ఊపున దిద్దిపారేశాడు. ఏవి దిద్దాడో సాయంత్రానికి అతనికే గుర్తులేదు.

గురువారం పదకొండు గంటలకి, వాన మంచి జోరు మీదుండగా, రెయిన్‌కోటులో ఒక పెద్దాయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లోపలికొచ్చాడు.

"ఇక్కడ తర్వాత అంటే ఎవరు?"

ఆఫీసంతా అతని వైపు చూసింది. మళ్లీగారు మాత్రం లేచి నిలబడింది.

"నాన్నా, నువ్వేంటి ఇక్కడ?"

ఆయన లిఫ్ట్ మెకానిక్. ఏదో బిల్డింగులో పని సగంలో వదిలేసి వచ్చినట్టు చేతులకింకా గ్రీజు ఉంది. ఫోన్ తీసి కళ్లకి దూరంగా పెట్టుకుని చదివాడు.

"'మీ ఇంటి దరఖాస్తు అందింది. అద్దెకు దిగేవారు: తర్వాత, మళ్లీ. సంబంధం: భార్యాభర్తలు. ఒకటో తారీఖు నుంచి.' నువ్వటు బయల్దేరిన గంటకి వచ్చిందిది. ఫోన్‌లో చదివి వినిపిస్తే మీ అమ్మ కుర్చీలో కూలబడిందట. మాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావా అమ్మా?"

అతనికి జరిగిందేమిటో వెంటనే అర్థమైంది. టెస్ట్ కోసం పెట్టుకున్న సైట్ నుంచి బయటికి మెసేజ్‌లు వెళ్లకూడదు. పోయినవారం ఏదో సరిచూడటానికి దాన్ని అసలు మెసేజ్ లైనుకి కలిపాడు. తర్వాత తీద్దాంలే అని వదిలేశాడు. టెస్ట్ దరఖాస్తులో అత్యవసరానికి ఫోన్ నంబర్ అడిగే చోట ఆమె తనకి కంఠతా వచ్చిన నంబర్ కొట్టి ఉంటుంది, వాళ్ల నాన్నది.

ఆమె తల దించుకుని నిలబడింది. ఈ నిమిషం నోరు మెదపకపోతే ఆమె తన ఇంట్లో దోషి అవుతుంది, రేపటి నుంచి ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. అది తను భరించలేడని అతనికి బాగా తెలుసు.

"అంకుల్, తప్పు నాదండీ," అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. "ఆ గడిలో భార్యాభర్తలు అని ముందే పడి ఉంటుంది. మార్చమని మీ అమ్మాయి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. నేనే వాయిదా వేశాను. ఆ మాట తను పెట్టింది కాదు, నా బద్ధకం పెట్టింది."

పెద్దాయన ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. "ఏం లేదే, కంప్యూటర్ తప్పట. నువ్వు లేచి మొహం కడుక్కో." గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఎవరో ఆయనకి కాఫీ తెచ్చిచ్చారు.

అతను ముందు ఆ మెసేజ్ లైను తీసేశాడు. ఆఫీసులో ఏదైనా చెడిపోతే ఏం జరిగిందో వరసగా రాసిపెట్టాలి, ఎవరినీ తిట్టకుండా. రాయడానికి కూర్చుని, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో, ఏం నింపారో చూపించే హిస్టరీ తెరిచాడు.

"మాకూ ఉంటుందయ్యా ఇలాంటి పుస్తకం," అంటూ పెద్దాయన కాఫీ కప్పుతో వెనక నిలబడ్డాడు.

తెరమీద మొదటి వరస సోమవారానిది. 'భార్యాభర్తలు తీసేసి, ఎంచుకోండి అని పెట్టాను.' కింద అతని పేరే ఉంది. ఆమె సెలవు పెట్టిన రోజు. పద్నాలుగింటిలో ఇదొకటన్నమాట.

తర్వాతి వరస ఈ రోజుది, ఉదయం తొమ్మిదీ నలభై. దరఖాస్తు నింపింది మళ్లీగారు. సంబంధం, భార్యాభర్తలు. ఇంకేమైనా కోరికలున్నాయా అన్న చోట, 'బాల్కనీలో రెండు కుర్చీలు పట్టాలి.'

అతను రెండుసార్లు చదివాడు.

"అంటే ఈ రోజు పొద్దున ఆ గడిలో ఏమీ లేదన్నమాట," అన్నాడు పెద్దాయన.

"లేదండీ."

"లిఫ్ట్ దానంతటది మూడో అంతస్తులో ఆగదు బాబూ. ఎవరో ఒకరు బటన్ నొక్కాలి." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"టెస్టింగ్ నాన్నా. అన్నీ నొక్కి చూడాలి."

"అన్నీ నొక్కావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "అదొక్కటే," అంది.

ఆ తర్వాత అతనితో అంది, "మెసేజ్ పోదనే అనుకున్నాను. ఒక్క పూట చూసుకుని, సాయంత్రం తీసేద్దామనుకున్నాను. మీరు తప్పంతా మీ మీద వేసుకుంటుంటే నాకు నోరు పెగల్లేదు."

ఇష్టపడింది తనొక్కడే కాదు. ఇన్నాళ్లూ తనొక్కడే కాదు.

"రెండో కుర్చీ ఎవరికో తర్వాత చెప్తానన్నాను కదా," అన్నాడు. "మీకేనండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. మీ నాన్నగారి ఎదురుగా చెప్పాల్సి వస్తుందనుకోలేదు, కానీ ఇంకొక్క రోజు కూడా వాయిదా వేయలేను."

ఆమె ఎర్రబడిన మొహంతోనే తలెత్తింది. "మళ్లీ చెప్పండి."

అతను మళ్లీ చెప్పాడు.

పెద్దాయన కప్పు పక్కన పెట్టి, సంచీ భుజానికెత్తుకున్నాడు. "మూడు నెలల్నించి ఇంట్లో తర్వాత ఇలా అన్నాడు, తర్వాత అలా చేశాడు అంటుంటే తిట్టుకుంటోందనుకున్నాను," అన్నాడు. "ఇప్పుడు మీ అమ్మకి మళ్లీ ఫోన్ చెయ్యాలి. ఇందాక ఏం లేదన్నానుగా. ఆదివారం ఇంటికి రా బాబూ. గుండీలు సరిగ్గా పెట్టుకుని రా."

గుండీల సంగతి కూడా ఇంటిదాకా వెళ్లిందన్నమాట. అతను చేత్తో తడిమి చూసుకున్నాడు. ఈ రోజు సరిగ్గానే ఉన్నాయి.

సాయంత్రం అందరూ వెళ్లిపోతున్నారు. ఆమె బ్యాగు తగిలించుకుని అతని టేబుల్ దగ్గర ఆగింది. వాన వెలిసి, కిటికీ అద్దాల మీద చుక్కలు మాత్రం మిగిలాయి.

"టెస్ట్ కోసం నింపినవి ఏ రోజువి ఆ రోజే తీసెయ్యాలి," అంది. "ఆ దరఖాస్తు తీశావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే ఉన్నారు.

"తర్వాత తీస్తాను," అన్నాడు.

ఆమె తెర వైపు ఒకసారి చూసి, చేయి చాపి మానిటర్ ఆపేసింది.

"సరే," అంది. "తర్వాతే తియ్యి."